ఫోటోగ్రఫీ గ్రూపులో ఫోటోల మీద అభిప్రాయం చెప్పడం, తీసుకోవడం ఎలా?

ఫోటో పెట్టగానే ‘సూపర్’, ‘అదిరింది’, రెండు చప్పట్ల బొమ్మలు. లేదంటే ‘ఇందులో ఏముందని తీశారు?’ అని ఒక్క ముక్క. సరదాగా ఫోటోలు తీసేవాళ్లు కలిసే చాలా గ్రూపుల్లో ఈ రెండే వినిపిస్తాయి. రెండింటివల్లా ఫోటో తీసినవాళ్లకు ఒరిగేదేమీ లేదు. మొదటిది విన్నాక ఏది నిలబెట్టుకోవాలో తెలీదు, రెండోది విన్నాక ఏది మార్చుకోవాలో తెలీదు.

ఫోటో తీసినవాళ్లు ఎంత అనుభవం ఉన్నా సొంతంగా తెలుసుకోలేనిది ఒకటుంది. ఆ సందర్భం తెలియని మనిషి చూపు ఆ ఫ్రేములో ముందు ఎక్కడికి వెళ్లింది, ఎక్కడ ఆగింది, ఎక్కడ చిక్కుకుపోయింది అన్నది. తీసినవాళ్లకు ఆ పూట గాలి, చలి, ఎదురుచూసిన సమయం, పక్కన వినబడ్డ మాటలు అన్నీ గుర్తుంటాయి. అవేవీ ఫ్రేములోకి రాకపోయినా, వాళ్లకు మాత్రం ఉన్నట్టే అనిపిస్తుంది. కాబట్టి గ్రూపు చేయగలిగిన అసలైన సాయం తన చూపును ఉన్నదున్నట్టు చెప్పడం. ఫోటో మంచిదా కాదా అని తేల్చడం ఆ తర్వాతి సంగతి, చాలాసార్లు ఆ అవసరమే రాదు. కింద చెప్పే పద్ధతంతా దీని మీదే ఆధారపడింది.

1. ఫోటో చూపించే ముందు

ఒక్క ఫోటో ఎంచుకోండి, మరీ తేల్చుకోలేకపోతే రెండు. పదిహేను ఫోటోలు గుమ్మరించి ‘ఏది బాగుందో చెప్పండి’ అంటే, మీరు చేయాల్సిన పని ఇతరుల నెత్తిన పెట్టినట్టే. ఎవరూ ఏ ఒక్కదాన్నీ శ్రద్ధగా చూడరు. వరుస ఫోటోలతో ఒక కథ చెబుతుంటే అది వేరు, అప్పుడు ఐదారు పెట్టి, వరుస గురించే అడగండి.

ఫైలును సరిగ్గా తయారు చేయండి. కలర్ స్పేస్ (ఫైలు వాడే రంగుల పరిధి) ఎస్‌ఆర్‌జీబీ, ఫార్మాట్ జేపెగ్, పొడవైన వైపు 2048 పిక్సెల్స్ అయితే తెర మీద చూడటానికి సరిపోతుంది. అడోబ్ ఆర్‌జీబీలో ఎగుమతి చేసిన ఫోటోను, కలర్ ప్రొఫైల్‌ను పట్టించుకోని యాప్‌లో తెరిస్తే రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. అప్పుడు ‘డల్‌గా ఉంది’ అని పదిమంది చెప్పినా అది మీ ఫోటో గురించి కాదు, ఫైలు గురించి. చాటింగ్ యాప్‌లో పంపేటప్పుడు మామూలు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. లేకపోతే యాప్ దాన్ని బాగా కుదించేస్తుంది, వెంట్రుకలు, ఆకులు, ఇసుక లాంటి సన్నని వివరాలు ముద్దకడతాయి. అయితే డాక్యుమెంట్‌గా పంపినప్పుడు ఎక్సిఫ్ సమాచారం, అంటే కెమెరా ఫైలులో రాసుకునే తీసిన వివరాలు కూడా వెంట వెళ్తాయి. షట్టర్ స్పీడ్ (షట్టర్ ఎంతసేపు తెరిచి ఉందో), అపర్చర్ (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుందో), ఐఎస్‌ఓ (వెలుగును కెమెరా ఎంత పెంచి చూపిందో) అందరికీ కనిపించడం మేలే కానీ, ఇంటి దగ్గర తీసిన పిల్లల ఫోటోల్లోనూ గూళ్లలో ఉన్న పక్షుల ఫోటోల్లోనూ లొకేషన్ తీసేసి పంపాలి.

ఫోటోతో పాటు ఒక ప్రశ్న పెట్టండి. ‘ఎలా ఉంది?’ అంటే ‘బాగుంది’ అనే జవాబే వస్తుంది. జవాబివ్వడానికి ఫోటోను మళ్లీ చూడక తప్పని ప్రశ్న అడగండి: ‘మీ చూపు ముందు ఎక్కడికి వెళ్లింది?’, ‘కుడివైపున ఉన్న మనిషిని క్రాప్ చేస్తే ఫోటోకు నష్టమా, లాభమా?’, ‘నీడల్లో వివరాలు కనబడాలా, నల్లగానే వదిలేయాలా?’. ప్రశ్న పెట్టండి కానీ ఫోటో వెనుక కథ మాత్రం అప్పుడే చెప్పకండి. ‘ఊరు వదిలి వెళ్తున్న స్నేహితుడు’ అని ముందే రాస్తే, అందరికీ ఆ మనిషి ముఖంలో దిగులు కనిపిస్తుంది. నిజంగా ఫోటోలో దిగులు ఉందో లేదో మీకు ఎప్పటికీ తెలియదు. మీ ఉద్దేశం మొదటి విడత అభిప్రాయాలు వచ్చాక చెప్పండి.

2. నోరు తెరిచే ముందు చూడండి

కనీసం 30 సెకన్లు ఏమీ మాట్లాడకుండా చూడాలి. తక్కువ సమయంలా అనిపిస్తుంది కానీ, వేలితో ఫోటోలు తోసుకుంటూ పోయే అలవాటు ఉన్నవాళ్లకు అది చాలా ఎక్కువ. మొదటి ఐదు సెకన్లలో చూపు ఎటు వెళ్లిందో గుర్తుపెట్టుకోండి, తర్వాత ఎంత చూసినా ఆ మొదటి చూపు మళ్లీ రాదు.

ఫోన్‌లో చూస్తుంటే కళ్లకు హాయిగా ఉండటానికి తెరను పసుపుగా మార్చే నైట్ మోడ్ ఆపేయండి. అది ఆన్‌లో ఉండగా వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా రంగుల్ని సర్దడం) గురించి చెప్పే ఏ మాటకూ విలువ లేదు. తెర వెలుతురు బాగా తగ్గించి ఉంటే ‘అండర్ ఎక్స్‌పోజ్ అయింది’, అంటే వెలుగు చాలలేదు అనిపిస్తుంది. ఫోకస్ గురించి చెప్పాలంటే పెద్ద తెర మీద అసలు ఫైలు తెరిచి 100 శాతానికి జూమ్ చేసి చూడాల్సిందే. కానీ మొదలుపెట్టడమే జూమ్‌తో వద్దు. ముందు ఫోటో మొత్తం చూడాలి. కనురెప్పల దగ్గర మొదలుపెట్టినవాళ్లు ఫోటో దేని గురించో చూడటం మర్చిపోతారు.

చూపు ఎక్కడెక్కడ తిరిగిందో గమనించాక రెండు చిన్న పరీక్షలు చేయండి. ఫోటోను బొటనవేలి గోరంత సైజుకి కుదించండి, అప్పుడు కూడా ముఖ్యమైన ఆకారం తెలుస్తోందా? తర్వాత తలకిందులుగా తిప్పండి. మనుషుల్నీ వస్తువుల్నీ గుర్తుపట్టే పని తగ్గిపోవడంతో వెలుగూ బరువూ ఏ మూలకి ఒరిగాయో ఇట్టే తెలుస్తుంది. చివరగా నాలుగు అంచుల వెంట ఒకసారి చూపు తిప్పండి. సగం తెగిన చెయ్యి, పక్కనుంచి తొంగిచూసే కొమ్మ, మూలలో తెల్లటి ప్లాస్టిక్ కవరు లాంటివి తీసేటప్పుడు ఎవరికీ కనబడవు.

3. చూసింది చెప్పండి, ఆ తర్వాతే సలహా

చెప్పే వరుస ఇది: నా చూపు ఎటు వెళ్లింది, దాంతో నాకు ఏమనిపించింది, ఫ్రేములో అందుకు కారణం ఏమిటి, ఏం మారిస్తే ఏమవుతుంది. ఒక ఫోటో తీసుకుని చూద్దాం.

కిటికీ పక్కన కుర్చీలో ఒక పెద్దావిడ పుస్తకం చదువుతున్నారు. 50 ఎంఎం లెన్స్, అపర్చర్ ఎఫ్/1.8 (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా, దాదాపు మీటరు దూరం నుంచి తీశారు. కిటికీ ఎడమవైపు పై మూలలో ఉంది, వివరమేదీ లేకుండా పూర్తిగా తెల్లబడిపోయింది. ‘లైటింగ్ బాలేదు, ఫోకస్ కూడా సరిగ్గా లేదు’ అన్నది గ్రూపుల్లో మామూలుగా వచ్చే వ్యాఖ్య. తప్పేమీ కాదు, కానీ పనికిరాదు.

అదే విషయాన్ని ఇలా చెప్పొచ్చు: ‘నా చూపు ముందు కిటికీ మీదకు వెళ్లింది, అక్కడినుంచి ముఖం దగ్గరకు రావడానికి ఆలస్యమైంది. ఫ్రేములో అన్నిటికంటే తెల్లగా ఉన్నది అదే, పైగా అందులో చూడటానికేమీ లేదు. పుస్తకం పై అంచు చాలా షార్ప్‌గా ఉంది, కళ్లు సాఫ్ట్‌గా ఉన్నాయి, అందుకే నాకిది చదవడం గురించి కంటే పుస్తకం గురించిన ఫోటోలా అనిపించింది. చెంప మీద పడ్డ వెలుగు మాత్రం ముడతల్ని ఎంతో మృదువుగా చూపిస్తోంది, క్రాప్ చేసినా ఎడిట్ చేసినా దాన్ని పోగొట్టుకోవద్దు.’

ఇక సలహా. ఎడమవైపు పావు వంతు క్రాప్ చేస్తే కిటికీ చాలావరకు పోతుంది, వెలుగు మాత్రం ముఖం మీద మిగులుతుంది. రా ఫైలు (సెన్సర్ నమోదు చేసిన సమాచారాన్ని దాచే ఫైలు) ఉంటే హైలైట్స్ (బాగా వెలుగున్న చోట్లు) తగ్గించి చూడొచ్చు, కొంత వివరం తిరిగి రావచ్చు. జేపెగ్‌లో పూర్తిగా తెల్లబడిన చోట తిరిగి రావడానికి ఏమీ ఉండదు, తగ్గిస్తే బూడిద రంగు మచ్చ మిగులుతుంది. ఫోకస్ సంగతి ఎడిటింగ్‌లో తేలేది కాదు. మీటరు దూరంలో ఎఫ్/1.8 దగ్గర షార్ప్‌గా వచ్చే లోతు సుమారు 4 సెంటీమీటర్లే. ఎఫ్/4కి వెళ్లినా 10 సెంటీమీటర్లకు మించదు, పుస్తకం ముఖానికి జానెడు ముందు ఉంటే రెండూ కలిసి ఫోకస్‌లోకి రావు. కాబట్టి అపర్చర్ తగ్గించమనడం కంటే, ఫోకస్ పాయింటును కెమెరాకు దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టి పుస్తకాన్ని సాఫ్ట్‌గా వదిలేయమనడమే ఇక్కడ సరైన సలహా.

మెచ్చుకోలు కూడా ఇలాగే చోటు చూపించి చెప్పాలి. చెంప మీద వెలుగు గురించి ఆ ఒక్క వాక్యం లేకపోతే, తీసినవాళ్లు రేపు కిటికీతో పాటు ఆ వెలుగునూ వదిలేసుకోవచ్చు. ముందొక పొగడ్త, మధ్యలో తప్పు, చివర ఇంకో పొగడ్త అని పేర్చే పద్ధతి మాత్రం నాకు నచ్చదు. రెండుసార్లు విన్నాక ఎవరైనా ‘కానీ’ కోసమే ఎదురుచూస్తారు, ముందు చెప్పిన మంచిమాట నిజమైనదైనా చెవికెక్కదు.

ఒక ఫోటోకు ఒక పెద్ద సంగతి చెప్పండి, మహా అయితే రెండు. ఏది? సరిదిద్దితే ఫోటో ఎక్కువగా మారేది. హొరైజన్ (నేల ఆకాశాన్ని తాకే గీత) ఒక డిగ్రీ వాలడం, ఆకాశంలో సెన్సర్ మీది దుమ్ము చుక్క కనిపించడం ఎవరికైనా ముందు కంట్లో పడతాయి. అవి చెప్పేసి పని అయిపోయిందనుకోవడం తేలిక. అలాంటివి చివర్లో ఒక్క మాటలో చెప్పండి, లేదా విడిగా మెసేజ్ పెట్టండి.

4. ‘షార్ప్‌గా లేదు’ అంటే ఏమిటి?

గ్రూపుల్లో ఎక్కువగా వినబడే వ్యాఖ్య ఇదే, ఎక్కువగా తప్పుదారి పట్టించేదీ ఇదే. ఫోటో మసకబారడానికి వేర్వేరు కారణాలుంటాయి, ఒక్కోదానికి మందు వేరు. గుర్తుపట్టే పద్ధతి తెలిస్తే మీ ఒక్క వాక్యం వాళ్లకు నెలల ప్రయత్నాన్ని తగ్గిస్తుంది.

ఫ్రేములో ఇంకేదో షార్ప్‌గా ఉండి, ఉండాల్సింది సాఫ్ట్‌గా ఉంటే ఫోకస్ తప్పింది. కళ్లకు బదులు చెవి, మనిషికి బదులు వెనుక గోడ షార్ప్‌గా కనిపిస్తాయి. ఇందుకు షట్టర్ స్పీడ్ పెంచినా లాభం లేదు, ఫోకస్ పాయింటు ఎవరు ఎంచుతున్నారు, కెమెరానా మీరా అన్నది చూసుకోవాలి.

మొత్తం ఫ్రేము ఒకే దిక్కుకి సాగినట్టు ఉండి, దీపాలూ మెరుపుచుక్కలూ చిన్న గీతల్లా కనిపిస్తే అది చెయ్యి కదలడం. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ స్పీడ్‌లో కింది అంకె కనీసం ఫోకల్ లెంగ్త్‌కు (లెన్స్ మీద ఎంఎంలలో రాసే అంకెకు) సమానంగా ఉండాలన్నది పాత లెక్క: 200 ఎంఎంకి 1/200 సెకను. సెన్సర్ చిన్నదై క్రాప్ ఫ్యాక్టర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే సెన్సర్ ఎన్ని రెట్లు చిన్నదో చెప్పే అంకె) 1.5 ఉంటే 1/300 లెక్కకు వస్తుంది, కెమెరాలో దానికి దగ్గరగా దొరికే 1/320 పెట్టాలి. లెన్స్‌లోనో కెమెరాలోనో స్టెబిలైజేషన్ (చెయ్యి వణుకును సర్దే ఏర్పాటు) ఉంటే ఇంకా తక్కువకు దిగొచ్చు.

నేల, గోడలు షార్ప్‌గా ఉండి కదిలే మనిషి మాత్రమే మసగ్గా ఉంటే అది కదలిక. స్టెబిలైజేషన్ ఇక్కడ ఎందుకూ కొరగాదు. నడిచేవాళ్లకు 1/250 నుంచి మొదలుపెట్టమనండి, పరిగెత్తే పిల్లలకూ ఎగిరే పక్షులకూ 1/1000, అవసరమైతే ఇంకా పైకి. ‘ఐఎస్‌ఓ పెంచితే నాయిస్ (గరుకు చుక్కలు) వస్తుంది కదా’ అని భయపడుతుంటే, నాయిస్‌ను తర్వాత తగ్గించుకోవచ్చు, కదలికను తీసేయలేరు అని చెప్పండి.

ఫోన్‌తో తీసిన ఫోటోలో దీపాల చుట్టూ పొగమంచులా వెలుగు పరుచుకుని ఉంటే, ఈ కారణాల్లో ఏదీ కాకపోవచ్చు. లెన్స్ మీద వేలిముద్ర, మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది.

ఇలాంటి మాటలే మరికొన్ని. ‘ఎక్కువ ఎడిట్ చేశారు’ అనకుండా ఎక్కడ కనబడిందో చూపించండి: కొండ అంచు వెంట తెల్లటి గీత ఉంటే ఎడిటింగ్ యాప్‌లో క్లారిటీ లేదా షాడోస్ స్లైడర్ ఎక్కువ జరిపారు. చర్మం మైనంలా నునుపుగా ఉంటే నాయిస్ రిడక్షనో స్కిన్ ఫిల్టరో మోతాదు మించింది. ‘ముఖం వింతగా ఉంది’ అనిపిస్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టు ఉన్నాయేమో చూడండి. అది లెన్స్ తప్పు కాదు, మరీ దగ్గరకు వెళ్లి తీయడం, ఒకటిన్నర రెండు మీటర్ల దూరం నుంచి తీసి క్రాప్ చేస్తే సరిపోతుంది. ‘రూల్ ఆఫ్ థర్డ్స్ (ఫ్రేమును అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి ముఖ్యమైనదాన్ని ఆ గీతల మీద పెట్టడం) పాటించలేదు’ అన్నది మాత్రం అసలు అభిప్రాయమే కాదు. 1797లో జాన్ థామస్ స్మిత్ ప్రకృతి దృశ్యాల చిత్రాల గురించి రాస్తూ ఆ పేరు పెట్టాడు, అది సూచన మాత్రమే. మధ్యలో పెట్టిన మనిషి వల్ల ఫోటోకు ఏం నష్టం జరిగిందో చెప్పగలిగితే చెప్పండి, లేకపోతే ఆ మాట వదిలేయండి.

5. చెప్పకూడనివి

‘నేనైతే ఇలా తీసేవాణ్ణి’ అనేది వాళ్ల ఫోటో గురించి కాదు, మీరు తీయని ఫోటో గురించి. ‘మంచి కెమెరా కొనండి’ అనేది ఇంకా చెడ్డది, అందుబాటులో లేనిదాన్ని చూపించి ఫోటోను పక్కన పెట్టేయడం. ఫోటోలో ఉన్న మనిషి లావు, రంగు, బట్టల గురించి మాట్లాడొద్దు, భంగిమ గురించీ వెలుగు గురించీ మాట్లాడండి. ఆ మనిషి తీసినవాళ్ల తల్లో చెల్లెలో కావచ్చు.

వన్యప్రాణుల ఫోటోలో ‘ఆ కొమ్మ తీసేయండి’ అనే ముందు అది పోటీకి పంపేదా అని అడగండి. నేచర్ విభాగం ఉన్న పోటీల్లో సాధారణంగా ఫ్రేములోని వస్తువుల్ని తొలగించడం, చేర్చడం అనుమతించరు. మీ సలహా పాటిస్తే ఫోటో అనర్హమవుతుంది.

6. కలిసి కూర్చున్నప్పుడు

90 నిమిషాల సమావేశానికి 10 ఫోటోలు చాలు. ఒక్కోదానికి 7 నిమిషాలు: అరనిమిషం మౌనం, 3 నిమిషాలు చూసినవాళ్లు ఏం కనిపించిందో చెప్పడం, ఒక నిమిషం తీసినవాళ్లు తమ ఉద్దేశం చెప్పడం, 2 నిమిషాలు సలహాలు, చివరి అరనిమిషం తీసినవాళ్లు ఏం ప్రయత్నిస్తారో చెప్పడం. మిగిలిన 20 నిమిషాలు తెరలు సర్దుకోవడానికీ ఆలస్యాలకూ పోతాయి. టైమ్ చూసే పని ఒకరికి అప్పగించండి, ఆ పూట వాళ్ల ఫోటో ఉండకూడదు.

బాగా అనుభవమున్నవాళ్లు చివర మాట్లాడాలి. వాళ్లు ముందు మాట్లాడితే మిగతావాళ్లంతా ‘అవును, నాకూ అదే అనిపించింది’ అంటారు, గ్రూపులో ఇరవైమంది ఉన్నా ఒకే ఒక్క చూపు మిగులుతుంది. కొత్తగా చేరినవాళ్ల చూపు నిజానికి అన్నిటికంటే విలువైనది, ఎందుకంటే వాళ్లకు ఇంకా నియమాలు అడ్డురావు. ఎవరూ మాట్లాడకపోతే ‘ఫోటోలో ఒక చోట చెయ్యి అడ్డుపెట్టొచ్చంటే ఎక్కడ పెడతారు?’ అని అడగండి. నోళ్లు వాటంతటవే తెరుచుకుంటాయి.

ఇంకాస్త క్రమంగా నడపాలనుకుంటే, అమెరికన్ నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన నాలుగు మెట్ల పద్ధతి ఫోటోలకూ చక్కగా పనికొస్తుంది. ముందు చూసినవాళ్లు తమకు అర్థవంతంగా అనిపించింది చెబుతారు. తర్వాత తీసినవాళ్లు ప్రశ్నలు అడుగుతారు. ఆపైన చూసినవాళ్లు, లోపల అభిప్రాయం దాచిపెట్టని ప్రశ్నలు అడుగుతారు. ‘ఎందుకంత చీకటిగా తీశారు?’ కాదు, ‘వెలుతురు ఎంత ఉండాలని ఎలా నిర్ణయించారు?’ అని. ఆఖర్న, తీసినవాళ్లు ఒప్పుకుంటేనే అభిప్రాయం. మూడో మెట్టు అలవాటు కావడానికి సమయం పడుతుంది, అయినా వదలొద్దు.

ప్రొజెక్టర్ మీద చూపిస్తే ముందుగా నలుపు నుంచి తెలుపు దాకా మెట్లుమెట్లుగా ఉన్న బూడిద రంగుల పట్టీ ఒకటి వేసి చూడండి. చివరి రెండు మూడు నల్ల మెట్లు కలిసిపోతే ఆ పూట నీడల గురించి ఎవరూ వ్యాఖ్యానించకూడదు. ప్రింట్లు అయితే మందపాటి అట్టతో ‘ఎల్’ ఆకారంలో రెండు ముక్కలు కత్తిరించి ఉంచుకోండి, వాటిని ప్రింటు మీద జరుపుతూ క్రాప్‌ను అందరికీ చూపించొచ్చు.

7. మీ ఫోటో గురించి చెబుతున్నప్పుడు

మాట్లాడకండి, రాసుకోండి. ‘అక్కడ స్థలం లేదు’, ‘అప్పుడే వాన మొదలైంది’ అని వివరించడం మొదలుపెట్టగానే చెప్పేవాళ్లు ఆగిపోతారు. మీ కారణాలు నిజమే కావచ్చు, కానీ మీరు ఎప్పుడూ ఫోటో పక్కన నిలబడి వాటిని చూసేవాళ్లకు చెప్పుకోలేరు. వాళ్ల మాటల్నే రాసుకోండి, మీ భాషలోకి మార్చకండి. ‘కిటికీ దగ్గర ఆగిపోయాను’ అన్నదాన్ని ‘ఓవర్ ఎక్స్‌పోజర్’ అని రాసుకుంటే, కిటికీ ఫ్రేములో ఉండాలా వద్దా అన్న అసలు ప్రశ్న పోతుంది. అర్థం కాకపోతే ‘ఏ చోట?’ అని మాత్రం అడగండి.

ఆ రోజు ఏమీ మార్చొద్దు. మర్నాడు ఆ కాగితం తీసి మూడు భాగాలుగా విడగొట్టండి: ఇప్పుడు ఎడిటింగ్‌లో చేయగలిగినవి, ఈసారి తీసేటప్పుడు చేయాల్సినవి, కేవలం ఇష్టాయిష్టాలు. ముగ్గురు ఒకే చోట ఆగారంటే అక్కడ ఏదో ఉంది, కచ్చితంగా పట్టించుకోవాలి. వాళ్లు చెప్పిన మందులు ముగ్గురివీ మూడు రకాలుగా ఉండొచ్చు, వాటిని అంతగా నమ్మక్కర్లేదు. చోటు చూపడంలో చూసినవాళ్లు అరుదుగా తప్పుతారు, వైద్యంలో తరచూ తప్పుతారు.

ప్రయత్నించేటప్పుడు అసలు ఎడిట్‌ను ముట్టుకోకుండా వర్చువల్ కాపీ (అదే ఫైలు మీద విడిగా ఉండే మరో ఎడిట్) తీసుకోండి. క్రాప్ చేసే ముందు పిక్సెల్స్ లెక్క చూసుకోండి. 24 మెగాపిక్సెల్ ఫోటో 6000×4000 ఉంటుంది. రెండువైపులా సగానికి తగ్గిస్తే మిగిలేది 3000×2000, అంటే 6 మెగాపిక్సెల్స్. తెర మీదకు బోలెడు, కానీ అంగుళానికి 300 పిక్సెల్స్ లెక్కన ప్రింటు 10 అంగుళాల వెడల్పు దాటదు.

అన్నీ ఒప్పుకోవాల్సిన పనిలేదు. మీరు కావాలని చీకటిగా ఉంచారు, పదిమందిలో ఏడుగురికి అది నచ్చలేదు, అయినా మీకు అదే కావాలంటే ఉంచండి. ఎంతమందిని దూరం చేసుకుంటున్నారో తెలిసి ఉంచుతున్నారు, అది చాలు. ఎవరైనా ఎగతాళి చేస్తే అక్కడే జవాబివ్వకండి, గ్రూపు నడిపేవాళ్లకు విడిగా చెప్పండి. అలాంటి వ్యాఖ్యను ఆపడం వాళ్ల పని.

వచ్చిన అభిప్రాయాలన్నీ ఒకే నోట్‌బుక్కులో రాస్తూ ఉండండి. పది ఫోటోలయ్యాక తిరగేస్తే, ఒకే మాట నాలుగైదుసార్లు కనబడుతుంది: బ్యాక్‌గ్రౌండ్ గజిబిజి, మనిషికి మరీ దూరం, అంచుల్లో తెగిన చేతులు. ఈసారి కెమెరా పట్టుకుని బయల్దేరినప్పుడు ఆ ఒక్కదాని మీదే దృష్టి పెట్టండి.

మార్చాక ఫోటోను గ్రూపుకి తిరిగి తీసుకురండి. చాలామంది ఈ పని చేయరు, దాంతో సలహా చెప్పినవాళ్లకు తమ మాట ఫలించిందో లేదో తెలిసే దారి ఉండదు. పాతదీ కొత్తదీ ఒకే సైజులో, పక్కపక్కన పెట్టండి. ఏం మార్చారో ముందుగా చెప్పకండి. ‘ఏది ఎక్కువసేపు చూడాలనిపిస్తోంది?’ అని మాత్రమే అడగండి. ఎక్కువమంది పాతదే అంటే కాపీ చెరిపేసి, ఇంకో సలహా ప్రయత్నించండి.